ముందు లెక్క, తర్వాత కాలిబాట

పర్లాకిమిడి బజారుకూ పాతపట్నం బజారుకూ మధ్య పది కిలోమీటర్ల దూరం కూడా లేదు. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు రెండు ఊళ్ళలోనూ ఆగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి జమీను రెండు ముక్కలైంది. పట్టణం అటు పడింది, పాతపట్నం ఇటు మిగిలింది. ఇప్పుడు ఒకటి గజపతి జిల్లా కేంద్రం, మరొకటి శ్రీకాకుళం జిల్లాలో మండల కేంద్రం. ఎండా వానా రెండింటికీ ఒకటే. కూరగాయల బండి దగ్గర బేరమాడే తెలుగు రెండు చోట్లా వినిపిస్తుంది. వేరైనవల్లా రోడ్డు వేయించే కార్యాలయం, దానికి నిధులు వచ్చే దారి, ఏ వీధిని ముందు బాగుచేయాలో తేల్చే అధికారం.

ఈ సరిహద్దు గీత ఎందరికో ఎన్నో ఇబ్బందులు తెచ్చిపెట్టింది. ఒక్క విషయంలో మాత్రం అది మేలు చేయగలదు. కాలిబాటలు, సైకిలు దారులు, జీబ్రా క్రాసింగులు, వీధి దీపాలు వంటి పనులు చేపట్టినప్పుడు అవి జనానికి నిజంగా ఉపయోగపడ్డాయో లేదో తేల్చుకోవడానికి సరిహద్దు పట్టణాలకు ఉన్నంత వీలు రాష్ట్రం నడిమధ్యన ఉన్న పట్టణాలకు లేదు. దాదాపు తనలాంటిదే అయి, ఆ పథకం మాత్రం వర్తించని ఊరు పక్కనే ఉంటుంది. బరంపురానికి సుమారు పాతిక కిలోమీటర్లలో ఇచ్ఛాపురం ఉంది. రాయగడకు పార్వతీపురం, నాందేడ్ జిల్లా ధర్మాబాదుకు బాసర, గడ్చిరోలి జిల్లా సిరోంచకు నది అవతలి కాళేశ్వరం ఉన్నాయి. పక్క ఊరిని కొలబద్దగా పెట్టుకొని మన ఊరి వీధిని కొలవవచ్చు. అయితే అందుకు ఒక షరతు ఉంది. కొలత పనికి ముందు మొదలుకావాలి.

సాధారణంగా ఒక కాలిబాట పూర్తయ్యాక వెలువడే ప్రకటనలో రెండే అంకెలు కనిపిస్తాయి. ఎన్ని కిలోమీటర్లు వేశారు, ఎన్ని కోట్లు ఖర్చయ్యాయి. గుత్తేదారుకు బిల్లు చెల్లించడానికి ఆ అంకెలు చాలు. ఆ బాట మీద ఎవరు నడుస్తున్నారు, అంతకు ముందు ఎక్కడ నడిచేవారు, ఎవరు ఇప్పటికీ రోడ్డు మీదే నడుస్తున్నారు అన్న ప్రశ్నలకు వాటిలో జవాబు దొరకదు.

నాందేడ్ ఇందుకు తలచుకోదగిన ఊరు. గురు గోవింద్ సింగ్ 1708లో అక్కడే కన్నుమూశారు. మూడు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా 2008లో జరిగిన గురుతా గద్దీ (గురుపీఠం) ఉత్సవాల కోసం జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం కింద ఆ నగరానికి నిధులు వచ్చాయి. కొన్ని ముఖ్య వీధులను కాలిబాటలతో, విడి సైకిలు దారులతో, చెట్లకూ పార్కింగుకూ చోటు వదిలి కొత్తగా తీర్చిదిద్దారు. మన దేశంలో ఒక మధ్యస్థాయి నగరం ఆ రోజుల్లో అంత సాహసం చేయడం మెచ్చుకోవలసిన సంగతే. అయితే ఆ పథకంలో తర్వాతి విడత డబ్బు రావాలంటే చూపవలసింది ముందు విడతలో 70 శాతం ఖర్చయినట్టు వినియోగ పత్రం, దానితోపాటు పాలనా సంస్కరణల పురోగతి. వీధిలో సైకిళ్ళ లెక్క ఆ పత్రంలో భాగం కాదు. ఏది అడుగుతారో దానికే లెక్కలు సిద్ధమవుతాయి. పనిని ఇంజనీర్లు ఎంత శ్రద్ధగా చేసినా, ఫలితాన్ని అడిగేవారు లేకపోతే ఆ శ్రద్ధ తర్వాతి ఊరికి పాఠంగా అందదు.

పక్క ఊరు ఎందుకు కావాలి

ఒక వీధిలో కాలిబాట వేయకముందు గంటకు 400 సైకిళ్ళు వెళ్ళేవని, వేసిన ఏడాదికి 460 అయ్యాయని అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి చెబుతున్న ఊహాంకెలు మాత్రమే. 15 శాతం పెరిగింది కాబట్టి పథకం ఫలించిందని ఎవరైనా అంటారు. కానీ అదే కాలంలో ఏ పనీ జరగని పక్క ఊరి బజారులో 300 సైకిళ్ళు 345 అయ్యాయని తెలిస్తే? అక్కడా 15 శాతమే. పెట్రోలు ధర పెరిగి ఉండవచ్చు, ప్రభుత్వం బడి పిల్లలకు సైకిళ్ళు ఇచ్చి ఉండవచ్చు. కారణం ఏదైనా అది రెండు ఊళ్ళనూ తాకింది. మన కాలిబాట వల్ల వచ్చిన పెరుగుదల సున్నా. ఇదే లెక్క తిరగబడవచ్చు కూడా. మన వీధిలో సైకిళ్ళు 400 నుంచి 380కి తగ్గాయి, పక్క ఊళ్ళో 300 నుంచి 240కి పడిపోయాయి అనుకుంటే, పైకి విఫలమైనట్టు కనిపించే పని నిజానికి చాలామందిని సైకిలు మీద నిలిపి ఉంచిందని అర్థం. ఒక్క ఊరి లెక్క చూసినవాడు మొదటి సందర్భంలో ఉత్తపుణ్యానికి సంబరపడతాడు, రెండో సందర్భంలో మంచి పనిని ఆపేస్తాడు.

గణాంకవేత్తలు దీన్ని తేడాల మధ్య తేడా అంటారు. సైకిలు విషయంలోనే మన దేశంలో దీనికి పేరుపొందిన ఉదాహరణ ఉంది. బిహార్ ప్రభుత్వం 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరిన ఆడపిల్లలకు సైకిలు కొనుక్కోవడానికి డబ్బు ఇచ్చింది. బడిలో చేరే అమ్మాయిల సంఖ్య పెరిగింది. అయితే ఆ కాలంలో బిహార్‌లో రోడ్లూ మెరుగయ్యాయి, ఆదాయాలూ పెరిగాయి. మరి పెరుగుదలలో సైకిలు వాటా ఎంత? కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు బిహార్ అమ్మాయిలను బిహార్ అబ్బాయిలతో పోల్చారు. అంతటితో ఆగక, 2000 వరకు బిహార్‌లోనే భాగమైన పొరుగు రాష్ట్రం జార్ఖండ్‌లో అదే వయసు అమ్మాయిలూ అబ్బాయిల మధ్య తేడాతోనూ పోల్చారు. అలా వడకట్టగా మిగిలిన ఫలితమే గట్టిది. అమ్మాయిల చేరిక సుమారు 30 శాతం పెరిగింది, అబ్బాయిలతో ఉన్న అంతరం సుమారు 40 శాతం తగ్గింది. ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్లకు మించి దూరంలో ఉన్న ఊళ్ళలో ఫలితం ఎక్కువగా కనిపించడం సైకిలే కారణమన్న వాదనకు బలమిచ్చింది. ఒకప్పుడు ఒకటిగా ఉండి తర్వాత విడిపోయిన రెండు ప్రాంతాలు అక్కడ కొలబద్దకు అక్కరకొచ్చాయి. గంజాం, గజపతి జిల్లాలకు శ్రీకాకుళం జిల్లాతో ఉన్న సరిహద్దుకూ అదే లక్షణం ఉంది.

ప్రకృతి వైపరీత్యాల సమయంలో ఈ పద్ధతి విలువ మరింత తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని తాకింది. ఉద్దానం కొబ్బరి తోటలను నేలకూల్చింది, గజపతి జిల్లా కొండ ఊళ్ళను ముంచింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఒక లెక్క, డిసెంబరులో మరో లెక్క తీసి ఉంటే ఒక్క ఊరి అంకెలతో ఏమీ తేలేది కాదు. తుపాను వల్ల తగ్గిన నడక ఎంతో, కొత్త కాలిబాట వల్ల పెరిగిన నడక ఎంతో విడదీయలేము. పర్లాకిమిడి, పాతపట్నం రెండింటిలోనూ లెక్క ఉంటే తుపాను దెబ్బ రెండు పక్కలా పడి చాలావరకు కొట్టుకుపోతుంది.

చాలావరకు అనడమే న్యాయం. జంట ఊళ్ళు కవలలు కావు. 2011 జనగణన ప్రకారం బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది, ఇచ్ఛాపురం జనాభా 40 వేలకు లోపే. ఊరికి ఊరిని పెడితే పోలిక కుదరదు. వీధికి వీధిని పెట్టాలి. ఒక బజారు వీధికి మరో బజారు వీధి, ఒక బడి ముందు రోడ్డుకు మరో బడి ముందు రోడ్డు. పైగా ఈ ఊళ్ళ మధ్య తడికలేమీ లేవు. ఇచ్ఛాపురం వైపు నుంచి వైద్యానికి బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రికి వచ్చేవారు నిత్యం ఉంటారు. ఆసుపత్రి ముందు కాలిబాట బాగుపడితే అది వారికీ మేలే. అందుచేత సరిహద్దు అవతలి వీధితోపాటు సొంత ఊళ్ళోనే పని జరగని మరో వీధిని కూడా పోలికకు పెట్టుకోవాలి. అది మరీ పక్క వీధి అయితే కొత్త బాట మీదకు మళ్ళిన జనం అక్కడ తగ్గినట్టు కనిపిస్తారు. ఊరికి కొత్త నడక ఏదీ తోడుకాకుండానే లాభం రెట్టింపైనట్టు భ్రమ కలుగుతుంది.

బరంపురానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. నేత కుటుంబాలు కన్నకూతురిలా కొలిచే బుఢీ ఠాకురాణీ యాత్ర రెండేళ్ళకోసారి, వారాల తరబడి జరుగుతుంది. ఆ రోజుల్లో పాత పట్టణం వీధులు రాత్రంతా జనంతో నిండిపోతాయి. పోయిన ఏడు ఏప్రిల్‌తో ఈ ఏడు ఏప్రిల్‌ను పోల్చడం మామూలుగా సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం అది యాత్ర ఉన్న ఏడాదిని లేని ఏడాదితో పోల్చడమవుతుంది. దూరాన ఉన్న సలహా సంస్థ తయారుచేసిన పట్టికలో ఈ సంగతి ఉండదు. ఆ వీధిలో పుట్టిన ఎవరిని అడిగినా చెబుతారు.

ఏ కొలతతో కొలుస్తున్నాం

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించవలసిన చోటు ఇది. మన రోడ్ల లెక్కలో ఒక పాత ప్రమాణం ఉంది. భిన్న వాహనాలను ఒకే సంఖ్యలోకి మార్చడానికి కారును 1గా తీసుకొని మిగతావాటికి విలువలు కడతారు. రోడ్ల ప్రమాణాలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ 1990 నాటి పట్టణ రోడ్ల మార్గదర్శకాల్లో సైకిలు విలువ 0.4 నుంచి 0.5 వరకు, సైకిలు రిక్షా విలువ 1.5 నుంచి 2 వరకు ఉంది. ఈ విలువ దేన్ని కొలుస్తుంది? ఆ బండి కారు ప్రయాణానికి ఎంత అడ్డమవుతుందో కొలుస్తుంది. ఈ పట్టికలో రిక్షా రెండు కార్లంత భారం, నడిచే మనిషికి అసలు విలువే లేదు. ఇలాంటి పట్టికతో ఒక వీధిని కొలిచి రిక్షాలను తీసేస్తే రాకపోకలు మెరుగయ్యాయని తేలుతుంది. రిక్షాలో ఆసుపత్రికి వెళ్ళే ముసలమ్మ ఆ మెరుగుదలలో ఎక్కడా కనిపించదు.

రోడ్డు దాటే చోట్ల విషయంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సిగ్నలుతో కూడిన క్రాసింగు అవసరమా కాదా తేల్చడానికి మన ఇంజనీర్లు చిరకాలంగా వాడుతున్న సూత్రం ఒకటుంది. రద్దీ సమయంలో గంటకు దాటే పాదచారుల సంఖ్యను, గంటకు వెళ్ళే వాహనాల సంఖ్య వర్గంతో గుణించాలి. డివైడరు లేని రోడ్డు మీద ఆ లబ్ధం 10 కోట్లు దాటితే క్రాసింగు సమర్థనీయం. గంటకు 600 వాహనాలు వెళ్ళే వీధిలో 300 మంది దాటుతుంటే లబ్ధం 10.8 కోట్లు, క్రాసింగు వస్తుంది. 250 మందే దాటుతుంటే 9 కోట్లు, రాదు. ఆ తగ్గిన యాభై మంది ఎక్కడికి పోయారన్నదే అసలు ప్రశ్న. రోడ్డు భయపెట్టేకొద్దీ దాటేవారు తగ్గుతారు. వృద్ధులు గుడికి వెళ్ళడం మానేస్తారు, తల్లి పిల్లవాణ్ణి ఒంటరిగా ట్యూషనుకు పంపదు, ఎదురుగా ఉన్న కొట్టును వదిలి ఇవతలి కొట్టులోనే సరుకు కొంటారు. జనం భయపడి వెనక్కి తగ్గిన చోట వారికి అవసరం లేదని సూత్రం తీర్పు చెబుతుంది. ఇది అన్యాయం. ఈ అన్యాయాన్ని సరిచేయడం కష్టమేమీ కాదు. ఎంతమంది దాటారో రాసుకున్నట్టే, దాటడానికి ఒక్కొక్కరు అంచున ఎన్ని సెకన్లు నిలబడ్డారో రాసుకోవాలి. బడి గేటు దగ్గర కిలోమీటరు లోపు నుంచి వచ్చే పిల్లల్లో ఎందరిని పెద్దలు మోటారు సైకిలు మీద దింపుతున్నారో అడగాలి. కాలిబాటా క్రాసింగూ వచ్చాక ఈ రెండు అంకెలు తగ్గితే అది గట్టి ఫలితం.

కొలత మారితే తీర్పు ఎలా మారుతుందో ఢిల్లీ చూసింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ వరకు బస్సులకే కేటాయించిన 5.8 కిలోమీటర్ల వరుస 2008లో మొదలైంది. దానితోపాటే సైకిలు దారులు, కాలిబాటలు వచ్చాయి. 2012లో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం బస్సు వరుస లేకపోతేనే రాకపోకలు బాగుంటాయని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు మాత్రం ఆ వరుసను రద్దు చేయడానికి నిరాకరించింది. వాహనాల ఆలస్యాన్ని చూస్తే ఒక జవాబు, బస్సుల్లో వెళ్ళే మనుషులను చూస్తే మరో జవాబు. కదలవలసింది మనుషులు అని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అయినా కొన్నేళ్ళకు ఆ వరుసను తీసేశారు. ఏ యూనిట్‌లో కొలవాలో పని మొదలుకాకముందే కాగితం మీద రాసి ఒప్పుకోకపోతే, తర్వాత ఎవరికి కావలసిన కొలత వారు తెచ్చుకుంటారు.

వీధిలో నిలబడి లెక్కించడం

పర్లాకిమిడిలో ఏళ్ళ తరబడి ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకోవడానికి వారి మాటనే విన్నారు. తెలుగు విషయంలోనూ ఆయన పట్టుదల అదే. జనం ఎలా మాట్లాడుతున్నారో అదే ఆధారం, వ్యాకరణం దాని వెనక నడవాలి. 1936 విభజన నచ్చక ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోవడం వేరే కథ. ఆయన చూపు మాత్రం వీధికీ వర్తిస్తుంది. జనం ఎలా నడుస్తున్నారో ముందు చూడాలి, నక్షా దాని వెనక రావాలి. కోపెన్‌హాగెన్‌లో స్త్రోయెట్ వీధిని 1962లో పాదచారులకు వదిలాక, యాన్ గేల్ అనే వాస్తుశిల్పి 1968లో తన బృందంతో వీధిలో నిలబడి నడిచేవారినీ కూర్చున్నవారినీ ఆగి మాట్లాడుకునేవారినీ చేత్తో లెక్కపెట్టారు. 1986లో, 1995లో మళ్ళీ అదే పద్ధతిలో లెక్కించారు. ప్రపంచం మెచ్చుకున్న ఆ పనికి కావలసిన సామగ్రి కాగితం, పెన్సిలు.

మన చేతిలో ఇప్పుడున్న లెక్క చూస్తే ఈ అవసరం అర్థమవుతుంది. పనికి ఎలా వెళతారన్న ప్రశ్న 2011 జనగణనలో అడిగారు. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసే సుమారు 20 కోట్ల మందిలో 22 శాతానికి పైగా నడిచి, సుమారు 13 శాతం సైకిలు మీద వెళ్ళేవారు. కారులో వెళ్ళేవారు 3 శాతం లోపే. చాలా విలువైన సమాచారం ఇది. కానీ అందులో బడికి వెళ్ళే పిల్లలు లేరు, బజారుకు వెళ్ళే గృహిణులు లేరు, పొలానికి వెళ్ళే కూలీలు లేరు, ఇంట్లోనే మగ్గం నేసేవారు లేరు. బరంపురం పట్టుకు పేరు తెచ్చిన చేతులు ఈ పట్టికలోకి రానే రావు. తర్వాతి జనసంఖ్య లెక్క 2027కు గాని పూర్తికాదు. అంతవరకు వీధి లెక్కే దిక్కు.

లెక్కించేవారి చేతిలో కాగితం మీద అరగంటకో వరుస, మనుషుల రకానికో నిలువు గడి ఉంటే చాలు. నాలుగు గీతలు నిలువుగా, ఐదోది అడ్డంగా. పురుషులు, స్త్రీలు, పిల్లలు, వృద్ధులు అని విడదీయాలి. నెత్తిన గంపతోనో చంకన బిడ్డతోనో నడిచేవారికి వేరే గడి ఉండాలి, ఎందుకంటే విరిగిన మూత పలకలున్న మురుగు కాలువ గట్టు మీద వారు నడవలేరు. అన్నిటికంటే ముఖ్యమైన గడి మరొకటి. ఈ మనిషి కాలిబాట మీద నడిచాడా, పక్కనున్న రోడ్డు మీద నడిచాడా? పది మందిలో ఏడుగురు బాటను వదిలి రోడ్డు మీద నడుస్తున్నారంటే తప్పు బాటలో ఉంది. రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల మార్గదర్శకాల ప్రకారం అడ్డంకులేవీ లేని నడక వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, బాట ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. టేపు పట్టుకొని యాభై మీటర్లకోసారి కొలిస్తే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడ మింగింది, నిలిపిన బండ్లు ఎక్కడ ఆక్రమించాయి, మోకాలెత్తు మెట్టు ఎక్కడ ఉంది అన్నీ బయటపడతాయి. తోపుడు బండ్ల మీదకే నేరం నెట్టడం సులువు. కానీ 2014 వీధి వ్యాపారుల చట్టం వారి హక్కును గుర్తించింది, వారి సర్వే అయిదేళ్ళకోసారి జరగాలని చెప్పింది. పైగా చీకటిపడ్డాక బండి దగ్గర వెలిగే దీపం, నిలబడే నలుగురు మనుషులే ఆ వీధిలో ఆడవాళ్ళు ధైర్యంగా నడవడానికి కారణమవుతారు. బండ్లను తొలగించిన తర్వాత రాత్రి ఎనిమిదికి స్త్రీల సంఖ్య ఎంత ఉందో లెక్కిస్తే ఆ సంగతి తేలుతుంది.

ప్రశ్నలు అడిగే చోట భాష అడ్డం వస్తుంది. ఒడియాలో మాత్రమే అచ్చయిన పత్రంతో బయలుదేరితే ఇంట్లో తెలుగు మాట్లాడే పెద్ద వయసు స్త్రీలు జారిపోతారు, సంతకు కొండ దిగివచ్చే సవరలు ఇంకా జారిపోతారు. అనువదిస్తే సరిపోతుందా అంటే అదీ చాలదు. 'మీరు రోజూ ఏ ప్రయాణాలు చేస్తారు?' అని తెలుగులో అడిగితే ఇల్లాలు 'నేనెక్కడికీ వెళ్ళనమ్మా' అంటుంది. ప్రయాణమంటే ఆమెకు బస్సో రైలో ఎక్కి పొరుగూరు వెళ్ళడం. అదే మనిషిని 'నిన్న పొద్దున లేచినప్పటి నుంచి గడప దాటి ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చారు?' అని అడిగితే పాలకు, గుడికి, రేషను కొట్టుకు, మనవణ్ణి బడి నుంచి తేవడానికి అని నాలుగు నడకలు చెబుతుంది. మొదటి ప్రశ్నకు సున్నా, రెండో ప్రశ్నకు నాలుగు. పథకం ఎవరికోసం అన్నది ఈ ఒక్క వాక్యం దగ్గరే మారిపోతుంది.

ఫోన్ల నుంచి సమాచారం తీసుకుంటే ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. స్ట్రావా వంటి యాప్‌లో వ్యాయామం కోసం తొక్కేవారు కనిపిస్తారు, పాల క్యాన్లు కట్టుకొని తెల్లవారుజామున ఊళ్ళోకి వచ్చే సైకిలు కనిపించదు. భువనేశ్వర్‌లో 2018 నవంబరులో మొదలైన 'మో సైకిల్' వంటి అద్దె సైకిళ్ళ నుంచి ప్రతి ప్రయాణమూ నమోదవుతుంది, కానీ ఆ సైకిళ్ళవి మాత్రమే. ఇలాంటి సమాచారం చేతి లెక్కకు తోడుగా ఉండవచ్చు, దాని స్థానంలో మాత్రం కూర్చోలేదు.

చావుల లెక్క

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. ప్రతి అయిదుగురిలో ఒకరు. నిజానికి ఇంకా ఎక్కువేనని ఢిల్లీ ఐఐటీ ఆచార్యుడు దినేశ్ మోహన్ జీవితకాలం వాదించారు. పోలీసు రికార్డుల్లో పాదచారుల మరణాలు వేరే పద్దుల్లోకి పోతున్నాయని చూపించారు. సరిహద్దు జిల్లాల్లో దీనికి మరో చిక్కు తోడవుతుంది. ప్రమాదం ఒక రాష్ట్రంలో జరుగుతుంది, గాయపడిన మనిషిని మెరుగైన వైద్యానికి మరో రాష్ట్రానికి తరలిస్తారు. ప్రమాదం జరిగిన 30 రోజుల లోపు చనిపోతే ఆ మరణం లెక్కలోకి రావాలి. అక్కడి ఆసుపత్రి సమాచారం ఇక్కడి ఠాణాకు చేరకపోతే మరణం గాయంగానే మిగిలిపోతుంది. రెండు రాష్ట్రాల ఆసుపత్రుల జాబితాలను ఠాణా జాబితాలతో సరిచూడకుండా ఏ సరిహద్దు పట్టణమూ తన చావుల లెక్కను నమ్మకూడదు.

ఆ లెక్క సరైనదే అయినా ఒక వీధి పథకాన్ని తూచడానికి అది చాలదు. చిన్న సంఖ్యలు వాటంతటవే ఊగుతాయి. ఏడాదికి తొమ్మిది ప్రమాదాలు జరిగే చోట మూడు పెరగడం, మూడు తగ్గడం ఏ కారణం లేకుండానే జరుగుతుంది. పైగా పనికి ఎంచుకునేది ప్రమాదాలు బాగా ఎక్కువైన చోటునే. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేర మూడేళ్ళలో చావుగానీ తీవ్ర గాయంగానీ కలిగించిన ప్రమాదాలు అయిదు జరిగినా, పది మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. అంత చెడ్డ మూడేళ్ళ తర్వాత వచ్చే ఏడాది, ఏమీ చేయకపోయినా, కొంత మెరుగ్గానే ఉంటుంది. ఆ తగ్గుదలను కొత్త రెయిలింగు ఖాతాలో వేసి ఊరుకుంటే, మళ్ళీ చావులు మొదలైన రోజున ఎందుకో ఎవరికీ తెలియదు.

అందువల్ల చావుల కోసం ఎదురుచూడకుండా వాటికి దారితీసే వేగాన్ని కొలవాలి. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేగం కొలవడానికి రాడార్ తుపాకీ అక్కరలేదు. రోడ్డు మీద 25 మీటర్ల ఎడంలో సున్నంతో రెండు గీతలు గీసి, ఫోనులోని స్టాప్‌వాచ్ పట్టుకుంటే చాలు. బండి ఆ దూరాన్ని 3 సెకన్లలో దాటితే దాని వేగం గంటకు 30 కిలోమీటర్లు. 1.8 సెకన్లలో దాటితే 50. క్రాసింగు రాకముందు వంద బండ్లను, వచ్చాక వంద బండ్లను, పక్క ఊరి వీధిలోనూ వందేసి బండ్లను కొలిస్తే చనిపోయినవారి కోసం మూడేళ్ళు ఆగనక్కరలేకుండా మూడు నెలల్లో జవాబు వస్తుంది.

ఈ పని మొత్తానికి అయ్యే ఖర్చు కాలిబాట మీద పరిచే టైల్సులో ఒక చిన్న కుప్ప ఖరీదు. లెక్కించడానికి కళాశాల విద్యార్థులున్నారు. సరిహద్దుకు రెండు పక్కలా తెలుగు, ఒడియా రెండూ వచ్చినవారు దొరుకుతారు. ఉదయం 7 నుంచి 9 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు చూడాలి. ఒక మామూలు రోజు, ఒక ఆదివారం, ఒక సంత రోజు. పాతపట్నంలోనూ అదే రోజు, అదే గంటలు, అదే కాగితం. ఆ కాగితాలను టెండరు పిలవడానికి ముందే రెండు ఊళ్ళ కార్యాలయాల గోడల మీదా అంటించి, నకలును జిల్లా గ్రంథాలయంలో ఉంచాలి. పని పూర్తయిన ఆరు నెలలకు ఒకసారి, రెండేళ్ళకు మరోసారి అదే వీధిలో అదే అరుగు మీద కూర్చొని గీతలు గీయాలి. రెండో విడతకు అధికారి మారి ఉంటారు, గుత్తేదారు మారి ఉంటాడు, విద్యార్థులు చదువు ముగించుకొని వెళ్ళి ఉంటారు. అందుకే ఏ కొట్టు ముందు, ఏ అరుగు మీద, ఏ వైపు చూస్తూ కూర్చున్నారో మొదటి కాగితం పై వరుసలోనే రాసి పెట్టాలి.